బీరు బట్టీ ముందు మరక

లుబ్బర్ట్ బాబాయి తన జీవితంలో ఎన్ని ఐసు బొమ్మలు వేశాడో ఎవరూ లెక్కపెట్టలేదు గానీ, రెండొందలకు మాత్రం తగ్గవు. ఒక్కో బొమ్మలో నలభై యాభై మంది మనుషులు. గడ్డకట్టిన నది మీద జారేవాళ్ళు, పడేవాళ్ళు, పడినవాళ్ళని చూసి నవ్వేవాళ్ళు, చంకలో పిల్లని, చేతిలో చేపల బుట్టని పట్టుకుని ఇంటికెళ్ళేవాళ్ళు. ఇన్ని వేలమందిని ఐసు మీద నిలబెట్టిన మనిషి, తను మాత్రం ముప్ఫై ఎనిమిదేళ్ళ పాటు దాని మీద కాలు పెట్టలేదు. ఆ తర్వాత ఒకే ఒక్కసారి పెట్టాడు. అది నా పెళ్ళిరోజు. నేను బతికి, నలుగురు పిల్లల్ని కని, ఇప్పుడు కూర్చుని ఈ కబుర్లు చెబుతున్నానంటే అందుకు కారణం ఆయనే. అందుకే ఆయన కథ నా నోటితోనే చెప్పాలి. ఇంకెవరైనా చెబితే ఆయన పిరికితనం దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆపేస్తారు.

మా ఊరు జాండ్‌వేర్, ఐసెల్ నదికి పడమటి ఒడ్డున. మా చర్చి, దాని వెనక శ్మశానం తూర్పు ఒడ్డున. ఊరొక చోట, దేవుడొక చోట ఎందుకు కట్టారో మా ముత్తాతల్నే అడగాలి. ఆ ఏర్పాటు వల్ల లాభపడింది ఒక్క మా కుటుంబమే. ఒడ్డు నుంచి ఒడ్డుకి జనాన్ని దాటించే పడవ మా నాన్న హార్మెన్‌ది. పెళ్ళికైనా, చావుకైనా, ఆదివారం ప్రార్థనకైనా అందరూ మా పడవ ఎక్కాల్సిందే. నది గడ్డకట్టిందంటే నాన్న పడవని ఒడ్డు మీదకి లాగేసి, గెడ బదులు చీపురు పట్టుకునేవాడు. పడవ వెళ్ళే దారిలోనే ఐసు మీద పడ్డ మంచుని ఊడ్చి, రెండు పక్కలా విల్లో కొమ్మలు పాతి, గెడతో పొడిచి చూసి, "ఇక నడవండి" అనేవాడు. ఆయన అనేదాకా ఊళ్ళో ఎవరూ నడిచేవాళ్ళు కాదు.

మా ఇంటి అటక మీది గదిలో లుబ్బర్ట్ బాబాయి అద్దెకుండేవాడు. నేను పుట్టకముందు నుంచీ అక్కడే. రక్తసంబంధం ఏమీ లేదు. నాకు మాటలు వచ్చినప్పుడు బాబాయ్ అన్నాను, ఆయన పలికాడు, అంతే.

ఆయన తండ్రి వలలు అల్లేవాడట. ఎనిమిదో ఏట బాబాయి జారుడు జోళ్ళు కట్టుకుని ఐసు మీద ఆడుతుంటే అది విరిగి నీళ్ళలో పడ్డాడు. పక్కనే రొట్టెల అంగడి ఆవిడ పొయ్యిలోంచి రొట్టెలు తీసే పొడుగాటి తెడ్డు పట్టుకుని పరుగెత్తుకొచ్చి, ఆ తెడ్డుతోనే పైకి లాగింది. ఆ రోజు నుంచి ఊళ్ళో ఆయన పేరు "తెడ్డు మీది రొట్టె." ముసలాళ్ళయినా సరే, మా ఊరివాళ్ళు పెట్టిన పేరు వదలరు.

"అంత భయపడ్డవాడివి మళ్ళీ ఆ ఐసే ఎందుకు వేస్తావు బాబాయ్?" అని ఒకసారి అడిగాను.

"నీళ్ళలోంచి పైకి చూశానమ్మా," అన్నాడు. "నా నెత్తి మీద ఐసంతా వెలుగుతోంది. లేతాకుపచ్చగా. అంత అందమైనది మళ్ళీ నేను చూడలేదు. అంత భయమూ మళ్ళీ పడలేదు. రెండూ ఒకేసారి పట్టుకున్నాయి, ఏం చెయ్యను?"

"పైగా వేసవి చెట్టు వెయ్యాలంటే ఎన్ని ఆకులు వెయ్యాలి! చలికాలం చెట్టుకి ఆ పీడ లేదు," అన్నాడు. ఏ మాటైనా చివరికి ఇలా తేల్చేసేవాడు.

దెవెంటర్ పట్నంలో సారాకొట్ల మీద వేలాడే పలకలకి బొమ్మలు వేసే ఒకాయన దగ్గర ఆరేళ్ళు పని నేర్చుకున్నాడు. ఆరేళ్ళూ పందులూ, హంసలూ, కిరీటాలూ. తిరిగొచ్చి మా అటక ఎక్కి, ఓక్ చెక్క మీద పలచటి రంగుతో మొదటి ఐసు బొమ్మ వేశాడు. ఆ రంగులోంచి చెక్క పొరలు కనబడుతుంటే, అవి ఐసు మీద పడ్డ గీతల్లా ఉంటాయి. అది కొనుక్కున్న వర్తకుడు ఇంకో నాలుగు కావాలన్నాడు. ఆ తర్వాత ఆయన పంది బొమ్మ వేయలేదు.

చలికాలమంతా ఆయన ఒడ్డు మీదకి లాగేసిన మా పడవలో కూర్చునేవాడు. కాళ్ళ కింద కుంపటి, భుజాల మీద గుర్రపు కంబళి, వేళ్ళు బయటికి వచ్చేలా కత్తిరించిన ఉన్ని చేతితొడుగులు. సిరా గడ్డకడుతుందని నల్లసుద్దతోనే గీసుకునేవాడు. గీసిన ప్రతిదాని పక్కన చిన్న అక్షరాలతో రంగు రాసుకునేవాడు. అసలు బొమ్మలు వేసేది వేసవిలో. జూలై ఎండకి పెంకులు కాలుతుంటే, చొక్కా విప్పేసి, చెమటలు కారుతుంటే, గడ్డాలకి మంచు పట్టిన మనుషుల్ని వేస్తూ కూర్చునేవాడు. అమ్మ మజ్జిగ పట్టుకెళితే, "అక్కా, చల్లగా ఉంది, తలుపెయ్యి," అనేవాడు.

ఐసుకి ఎన్ని రంగులో ఆయన దగ్గరే నేర్చుకున్నాను. గాజు నలుపు, పాల తెలుపు, తడి బూడిద, ఇంకా పది పన్నెండు. "గాజులా నల్లగా ఉన్నది బండిని కూడా మోస్తుంది. పాలలా ఉన్నదాన్ని సగమే నమ్ము. తడి బూడిదలా ఉందా, అటు వెళ్ళకు." నాకు బడిలో అక్షరాలు రాకముందు ఇది వచ్చింది.

ఇక మనుషుల సంగతి. ఆయన బొమ్మల్లో మనుషులు బొటనవేలంత ఉంటారు, ముఖాలు గురిగింజంత. అయినా మా ఊరివాళ్ళకి అందులో తాము కనబడాల్సిందే. బొమ్మ ఆరబెట్టి మా వంటింట్లో నిలబెడితే చాలు, ఏదో వంకతో ఒక్కొక్కరే దిగేవాళ్ళు. ఒకసారి టోపీ ఎగిరిపోయి, వెల్లకిలా పడి, రెండు కాళ్ళూ ఆకాశానికి ఎత్తిన మనిషిని వేశాడు. మర్నాడు పొద్దున్నే దర్జీ వచ్చాడు.

"నేను పడింది నిజమే. కానీ ఇలా చాటింపు వెయ్యాలా లుబ్బర్టూ?"

మధ్యాహ్నం గడియారం బాగుచేసేవాడు వచ్చి అదే మాట. సాయంత్రం సాక్షాత్తు పాదిరిగారు వచ్చి, "ఆ టోపీ రంగు మారిస్తే బాగుంటుందేమో," అని దగ్గారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ముగ్గురూ ఎవరూ పిలవకుండా వచ్చి ఒప్పుకుని వెళ్ళారు. బాబాయి ఆ మనిషిని ముగ్గురిలో ఎవరినీ చూసి వెయ్యలేదు. ఆ ముక్క ఆయన ముగ్గురికీ చెప్పలేదు.

ఎవరు బతిమాలినా తనని మాత్రం బొమ్మలో వేసుకునేవాడు కాదు. "నేను ఐసు మీద ఉండనుగా," అనేవాడు. కానీ ప్రతి బొమ్మలో ఒక మూల, ఒడ్డు మీదకి లాగేసిన ఖాళీ పడవ ఉంటుంది. నాకు చాలా ఏళ్ళదాకా తట్టలేదు, అది ఆయన కూర్చున్న చోటని.

నా పెళ్ళి పదహారు వందల యాభై ఎనిమిదో సంవత్సరం ఫిబ్రవరిలో. అంతకు ముందు ఆకులు రాలే కాలంలో, మా ఊరి బీరు బట్టీ యజమాని రూలోఫ్ కొత్త రాగి కాగు తెప్పించాడు. ఇంతకు ముందుదానికి మూడింతలది. దాన్ని కడిగిన వేడినీళ్ళు పోవడానికి పాత కాలువ చాల్లేదు. అది ఊరి వెనక గుంటలోకి పోయేది. రూలోఫ్ దగ్గర దారి చూసుకుని, బట్టీ ముందున్న రేవు పక్కనుంచి తిన్నగా నదిలోకి కొత్త కాలువ తవ్వించాడు. చెడ్డవాడేం కాదు. ఊళ్ళో ఎవరింట్లో పురుడొచ్చినా ఒక కుండ బీరు పంపే మనిషి. కాకపోతే తన బట్టీని నలుగురూ చూడాలి, చూసి పొగడాలి, అదొక్కటే బలహీనత.

ఆ కొత్త బట్టీకి బొమ్మ వెయ్యమని బాబాయిని అడిగాడు. పొగగొట్టం, రేవు, ముందు ఐసు మీద ఊరంతా ఆడుతూ. వేసవిదాకా ఆగనన్నాడు, అతిథులు వస్తున్నారన్నాడు. బాబాయి మూడు వారాలు పడవలో కూర్చుని గీసుకుని, జనవరి చివరికల్లా బొమ్మ పూర్తిచేసి మా పొయ్యి పక్కన ఆరబెట్టాడు. మూరన్నర పొడవు, మంచి ఓక్ చెక్క. ఇప్పటికీ అంటాను, ఆయన వేసినవాటిలో అదే గొప్పది.

రూలోఫ్ వచ్చి, ఎదురుగా నిలబడి, కాసేపు మురిసిపోయాడు. తర్వాత వంగి చూశాడు.

"ఏమయ్యా, నా బట్టీ ముందు ఈ మురికేంటి?"

"మురికి కాదండీ. అక్కడ ఐసు రంగే అంత."

"ఐసు తెల్లగా ఉంటుందయ్యా. పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసు."

"అక్కడ తెల్లగా లేదు రూలోఫ్ గారూ. తడి బూడిదలా ఉంది. మీ కొత్త కాలువ నోరు అక్కడే. రోజూ పొద్దున్న వేడినీళ్ళు వదులుతున్నారు. ఐసు కింద నుంచి పలచబడుతోంది."

"నేనడిగింది బొమ్మ, సలహా కాదు. దాని మీద తెల్లరంగు పుయ్యి, తీసుకెళతాను."

"పూస్తే అక్కడ ఐసు గట్టిపడుతుందా?"

రూలోఫ్ ముఖం ఎర్రబడింది. "పుయ్యకపోతే నీ దగ్గరే ఉంచుకో," అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నాన్న తల పట్టుకున్నాడు. "నాలుగు వేళ్ళ మేర తెలుపు కోసం ఇంత పని పోగొట్టుకుంటావా? రంగు అయిపోతే చెప్పరాదూ, గోడకి వేసే సున్నం నా దగ్గరుందిగా!"

"నువ్వన్నా వెళ్ళి గెడతో పొడిచి చూడు హార్మెన్."

"అటు ఎవరు నడుస్తారయ్యా? నా దారి నేను చూసుకున్నాను. వంద గుర్రాల్ని మోస్తుంది. బట్టీవాడికి లేని బెంగ నీకెందుకు? కందకు లేని దురద కత్తిపీటకెందుకు? పుట్టిన దగ్గర్నుంచీ నీళ్ళ మీద బతికేవాణ్ణి, ఐసు సంగతి ఐసు తొక్కనివాడి దగ్గర నేర్చుకోనా?"

బాబాయి బొమ్మని అటక మీదకి తీసుకెళ్ళి గోడవైపు తిప్పి పెట్టాడు. నన్నడిగితే, ఆయన అవమానంతో అలా పెట్టలేదు. చూసినప్పుడల్లా భయం వేస్తుందని పెట్టాడు.

పెళ్ళికి మూడు రోజుల ముందు జానెడు మంచు కురిసింది. ఒడ్డు నుంచి ఒడ్డుకి నది మొత్తం మీగడ పట్టినట్టు తెల్లబడిపోయింది. బట్టీ ముందు బూడిద రంగు లేదు, మరక లేదు. ఇక అది కనబడేది ప్రపంచంలో ఒకే చోట, అటక మీద గోడవైపు తిరిగి ఉన్న చెక్క మీద.

పెళ్ళికొడుకు టైమెన్ తూర్పు ఒడ్డు కమ్మరి. నన్ను తీసుకెళ్ళడానికి గుర్రం కట్టిన జారుడుబండితో పొద్దున్నే వచ్చాడు. "పెళ్ళికూతురి కన్నీళ్ళు" అని మా వాళ్ళు పేరుపెట్టిన మసాలా ద్రాక్షసారా అందరికీ పోశారు. అందరూ తాగి, ఏడవాల్సింది పెళ్ళికూతురా పెళ్ళికొడుకా అని వాదించుకుంటున్నారు. అప్పుడు రూలోఫ్ మనిషి వచ్చాడు.

"మా అయ్యగారు మీ పెళ్ళికి రెండు పీపాల బీరు కానుక ఇస్తున్నారు. తెల్లవారకముందే మీ దారి నుంచి మా రేవు దాకా, అక్కణ్ణుంచి అవతలి ఒడ్డు దాకా దారి ఊడ్పించారు. గుర్రం జారకుండా ఇసుక కూడా చల్లించారు. పెళ్ళిబండి మా రేవు మీదుగానే పోవాలట!"

నాన్న పొంగిపోయాడు. నేను ఇంకా పొంగిపోయాను. ఊడ్చినవాళ్ళు నలుగురూ అక్కడ నడిచారుగా, ఇంకేం చూడాలి అనుకున్నారు అందరూ. వాళ్ళు ఊడ్చి వెళ్ళాక కాగు కడిగి వేడినీళ్ళు వదిలారన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఊడ్చినవాళ్ళు చీపుర్లు పట్టుకుని వెళ్ళారు, మేము గుర్రంతో, పీపాలతో, పదిమంది చుట్టాలతో వెళతామని కూడా తట్టలేదు.

బండి కదిలింది. టైమెన్ కళ్ళెం పట్టుకుని ముందు నడుస్తున్నాడు. నేను బండిలో అమ్మ పక్కన కూర్చున్నాను, తల మీద పూసల కిరీటం. చుట్టాలు పక్కన నడుస్తున్నారు. కొంచెం దూరం మా దారినే వెళ్ళి, రూలోఫ్ ఊడ్పించిన దారిలోకి తిరిగాం. అప్పుడు ఒడ్డు మీద పడవలోంచి కేక వినబడింది.

"హార్మెన్! అటు కాదు! ఆపు బండిని!"

నాన్న వెనక్కి తిరగకుండా చెయ్యి ఊపాడు.

"అక్కడ ఐసు లేదు! ఆపండి!"

"ఏంటి రొట్టె, ఒడ్డు మీదే మాడిపోతున్నావా?" అని ఎవరో అరిచారు. అందరూ గొల్లుమన్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. నా పెళ్ళిరోజున, పెళ్ళివారి ముందు, ఈ గోల ఏంటనిపించింది.

"బాబాయ్! ఈ ఒక్కరోజన్నా నీ భయాన్ని అటక మీద పెట్టి రాకూడదూ!" అని అరిచాను.

ఇంకా గట్టిగా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆయన పడవ దిగి ఇంట్లోకి వెళ్ళిపోయాడు. నొచ్చుకున్నాడనుకున్నాం. క్షణంలో బయటికొచ్చాడు. చంకలో ఆ చెక్క బొమ్మ. టోపీ లేదు, కంబళి లేదు. ఒడ్డు వెంబడి బట్టీ వైపు పరుగు. నలభై ఆరేళ్ళ మనిషి పడుతూ లేస్తూ పరుగెడుతుంటే మా వాళ్ళు పొట్టలు పట్టుకున్నారు. గుర్రం మెల్లిగా నడుస్తోంది కాబట్టి మాకంటే ముందే రేవుకి చేరాడు. రేవు మీద పీపాల పక్కన రూలోఫ్ నిలబడి ఉన్నాడు.

"ఇప్పుడా తెచ్చేది? తెలుపు పూశావా?" అన్నాడు రూలోఫ్.

బాబాయి ఆయన వైపు చూడనే లేదు. బొమ్మని రెండు చేతులతో పైకెత్తి మాకు చూపించాడు. "ఇదిగో! ఇక్కడ! ఈ చోటే! చూడరే!" అంత దూరం నుంచి మాకేం కనబడుతుంది? మాకు ఇరవై అడుగుల్లో రేవు. టైమెన్ ఒక్క క్షణం తటపటాయించాడు గానీ గుర్రం ఆగలేదు.

అప్పుడు లుబ్బర్ట్ బాబాయి రేవు మెట్లు దిగాడు.

ఆయన ముఖం నాకు బాగా కనబడింది. సున్నం కొట్టినట్టు పాలిపోయింది. చివరి మెట్టు మీద ఆగాడు. కుడికాలు ఐసు మీద పెట్టాడు. ఎడమకాలు పెట్టాడు. నవ్వులు ఆగిపోయాయి. ఆయన సంగతి తెలియనివాళ్ళు ఊళ్ళో లేరుగా. రెండడుగులు, మూడు, నాలుగు. మా గుర్రానికి ఎదురుగా వచ్చి నిలబడి, మడమ ఎత్తి, బలమంతా పెట్టి తొక్కాడు. ఒకసారి. రెండోసారి. మూడోసారి తొక్కేసరికి పాత దుప్పటి చిరిగినట్టు చప్పుడైంది. ఆయన నడుందాకా, చంకలదాకా దిగిపోయాడు.

చేతిలో బొమ్మ వెల్లకిలా ఐసు మీద పడింది. రెండు మోచేతులూ దాని మీద వేసి వేలాడాడు. ఆ ఓక్ చెక్క లేకపోతే అంచు మొత్తం విరిగి ఆయన కిందకి పోయేవాడే. టైమెన్ గుర్రాన్ని వెనక్కి తోశాడు. అమ్మ నన్ను గట్టిగా పట్టుకుంది. నాన్న, ఆ నీళ్ళ మీద పుట్టినవాడు, బోర్లా పడుకుని పాకుతూ వెళ్ళి గెడ చాచాడు. "పట్టుకో లుబ్బర్టూ! వదలకు తమ్ముడూ!" అని ఏడుస్తున్నాడు. నాన్న ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి. గెడ పట్టుకున్నాడు, లాగారు, వచ్చాడు.

గుర్రం ముందుకాళ్ళకీ విరిగిన అంచుకీ మధ్య ఎనిమిది అడుగులు. మర్నాడు నాన్న కొలిచి వచ్చాడు.

ఒడ్డున గుర్రపు కంబళి చుట్టి, "పెళ్ళికూతురి కన్నీళ్ళు" కుండలో మిగిలినదంతా ఆయన నోట్లో పోశారు. పళ్ళు టకటకలాడుతున్నాయి. మొదటి మాట ఏమన్నాడో తెలుసా?

"బొమ్మ తడిసిందా?"

నేను కిరీటంతో, పట్టు బట్టలతో మంచులో మోకాళ్ళ మీద కూలబడ్డాను. "నన్ను కొట్టు బాబాయ్. నేను నవ్వాను," అన్నాను.

"నవ్వకపోతే నువ్వు హార్మెన్ కూతురివే కావు ఫెన్నె," అన్నాడు. "లే. బట్టలు పాడవుతాయి."

గంట ఆలస్యంగా, పాత దారినే అవతలికి వెళ్ళి పెళ్ళి చేసుకున్నాం. పాదిరిగారు ఆలస్యానికి మమ్మల్ని తిట్టబోయి, సంగతి విని ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన కూడా టోపీ బాపతు మనిషేగా. బాబాయి మా ఇంట్లో మూడు దుప్పట్ల కింద పడుకుని చర్చి గంట విన్నాడట. వారం రోజులు జ్వరం, ఎడమకాలి రెండు వేళ్ళు చలికి చచ్చుబడి ఊడిపోయాయి. చెప్పులవాడు కొత్త జోడుకి కొలత తీసుకుంటుంటే, "మూడు వేళ్ళ తోలు తగ్గించు, చవగ్గా వస్తుంది," అన్నాడు. "పోయినవి రెండేగా," అన్నాడు చెప్పులవాడు. "ఒకటి ముందుగా తగ్గించి ఉంచు," అన్నాడు.

రూలోఫ్ ఆ రోజు పీపా మీద కూర్చుండిపోయి చాలాసేపు లేవలేదట. మర్నాడు తనే గునపం పట్టుకున్నాడు. నేల రాయిలా బిగుసుకుపోయి ఉంది. అయినా పనివాళ్ళతో కలిసి రెండు రోజులు తవ్వి, కాలువని మళ్ళీ ఊరి వెనక గుంటలోకి తిప్పాడు. ఆ తర్వాత మా ఇంటికొచ్చి, టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"ఆ బొమ్మ నాకిచ్చెయ్యి లుబ్బర్టూ. మరకతో సహా."

"ఫెన్నె పెళ్ళికి కానుక ఇచ్చేశానండీ," అన్నాడు బాబాయి. "మీకు ఇంకోటి వేస్తాను."

మరుసటి ఏడు వేసిచ్చాడు కూడా. అందులో బట్టీ ముందు ఐసు తెల్లగా ఉంది. ఎందుకంటే ఆ ఏడు అక్కడ నిజంగానే తెల్లగా ఉంది.

నా బొమ్మ మా వంటింటి గోడకి ఉంది. మధ్యలో ఒక పగులు, అంచుల దగ్గర గోళ్ళు దిగిన గుర్తులు, బట్టీ ముందు అరచేయంత మేర తడి బూడిద రంగు. దాన్ని బాగుచేయిస్తానని టైమెన్ అంటే ఒప్పుకోలేదు. ఏటా నది గడ్డకట్టగానే నా పిల్లల్ని దాని ముందు నిలబెట్టి, ఏది గాజు నలుపు, ఏది పాల తెలుపు, ఏది మన తాతని మింగబోయిన రంగు అని ముగ్గురిచేతా పేరుపేరునా అప్పజెప్పించేదాన్ని. నాలుగోవాడు పుట్టాక నలుగురిచేతా. అది వాళ్ళు అప్పజెప్పాకే జారుడు జోళ్ళు చేతికిచ్చేదాన్ని.

నాన్నకి నడుం వంగిపోయాక చీపురు, గెడ నేను తీసుకున్నాను. ఆడది ఐసు దారి వెయ్యడమేంటని కొందరు గొణిగారు. "దారి ఊడ్చింది ఆడో మగో ఐసుకేం తెలుసు?" అన్నాడు బాబాయి పడవలోంచి. అప్పట్నుంచి ప్రతి చలికాలం ఇద్దరం కలిసే దారి వేశాం. నేను ఐసు మీద, ఆయన ఒడ్డు మీద. "ఎడమకి రెండడుగులు ఫెన్నె! అక్కడ పాల తెలుపు కనబడుతోంది!" అని అరుస్తుండేవాడు. "ఒకసారి దిగి చూడు బాబాయ్," అంటే, "ఒకసారి దిగానుగా," అనేవాడు. పన్నెండేళ్ళు అలా గడిచాయి. ఆ పన్నెండేళ్ళలో మా దారి మీద ఒక్కరు కూడా మునగలేదు.

"నేను చలికాలంలో పోతే హడావుడిగా ఐసు మీద ఈడ్చుకెళ్ళకండి. కరిగేదాకా ఆగి పడవలో తీసుకెళ్ళండి," అని ఎప్పుడూ వేళాకోళంగా అనేవాడు. కానీ వేళాకోళం కాదని నాకు తెలుసు. సరిగ్గా అలాగే, అరవై అయిదో ఏట, జనవరిలో, మూడు వారాలుగా నది బిగుసుకుపోయి ఉన్నప్పుడు మంచం పట్టాడు. నేను బఠాణీ చారు పట్టుకెళ్ళాను. రెండు చెంచాలు తాగి చాలన్నాడు.

"ఐసు ఎలా ఉంది?"

"గాజు నలుపు."

"ఎక్కడిదాకా?"

"ఒడ్డు నుంచి ఒడ్డుకి. ఎక్కడా మచ్చ లేదు."

"నువ్వే చూశావా?"

"నేనే చూశాను బాబాయ్. పొద్దున్న ఒకసారి, ఇప్పుడొకసారి."

కళ్ళు మూసుకున్నాడు. తర్వాత, "అయితే ఆగక్కర్లేదు," అన్నాడు. "నువ్వు ముందు నడువు."

అలాగేనని మాటిచ్చాను. మర్నాడు మధ్యాహ్నం పోయాడు.

ఆయన శవపెట్టెని టైమెన్ చేసిన జారుడుబండి మీద ఎక్కించాం. ఊరంతా రెండు పక్కలా నిలబడింది. దర్జీ, గడియారాలాయన, రొట్టెల అంగడివాళ్ళు, అందరూ టోపీలు తీసి. ముసలి రూలోఫ్ తనే చీపురు పట్టుకుని బండి ముందు నాలుగడుగులు ఊడ్చాడు, ఆపైన ఆయాసం వచ్చి పక్కకి తప్పుకున్నాడు. మా పడవ ఒడ్డు మీద ఉంది. అందులో కుంపటి ఉంది, కంబళి ఉంది, మనిషి లేడు.

నేను నాన్న గెడ పట్టుకుని అందరికంటే ముందు నడిచాను. నా పెళ్ళిరోజు ఆయన నాలుగడుగులు వేసింది నా కోసం. ఆయన కోసం నేను ఒడ్డు నుంచి ఒడ్డుకి నడిచాను. అడుగుకొకసారి గెడతో పొడిచి, వంగి, రంగు చూసి, అప్పుడు బండిని రానిచ్చాను. అంతా గాజు నలుపే, నాకు తెలుసు. అయినా మాట ఇచ్చాను కదా. నది మధ్యలో రెండుసార్లు కన్నీళ్ళకి రంగు సరిగ్గా తెలియలేదు. చెయ్యెత్తి బండిని ఆపి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ చూసి, అప్పుడు రమ్మన్నాను.